అందరూ చదవాల్సిన పాఠం ఎవరి బాధ్యత?

ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ల డిగ్రీని ప్రవేశపెట్టినప్పుడు, విద్యార్థులందరికీ 11 ఫౌండేషన్ కోర్సులను తప్పనిసరి చేసింది. గణితం ఆనర్స్ విద్యార్థీ, ఆంగ్ల సాహిత్య విద్యార్థీ ఒకే గణిత సామర్థ్య కోర్సు చదవవలసి వచ్చింది. ఒకరికి అది ఏనాడో నేర్చిన విద్య. మరొకరికి పదో తరగతితోనే వదిలించుకున్న భయం. కేంద్రంలో ప్రభుత్వం మారిన కొద్ది వారాలకే, 2014 జూన్‌లో, యూజీసీ ఆదేశంతో ఆ విధానం యావత్తూ రద్దయింది. వివాదమంతా డిగ్రీ మూడేళ్లా, నాలుగేళ్లా అన్నదాని చుట్టూ తిరిగింది. అందరూ చదవాల్సింది ఏమిటి, దాన్ని ఎవరు చెప్పాలి అన్న అసలు ప్రశ్న మరుగున పడింది.

ఆ ప్రశ్న కొత్తది కాదు. 1948లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్, డిగ్రీ చదువులో సాధారణ విద్యకు చోటుండాలని సిఫారసు చేసింది. 2020 జాతీయ విద్యావిధానం అదే ఆశయాన్ని బహుళశాస్త్ర విద్య పేరిట మళ్లీ ముందుకు తెచ్చింది. ఆచరణలో మిగిలింది క్రెడిట్ల పంపకమే. ఢిల్లీలో నేటి ‘విలువల జోడింపు’ కోర్సులు ఒక్కొక్కటి రెండు క్రెడిట్లవి. వాటిలో స్వచ్ఛ భారత్, ఫిట్ ఇండియా వంటివి ప్రభుత్వ కార్యక్రమాల పేర్లతోనే ఉన్నాయి. పాలకుల నినాదం పాఠ్యాంశమైన చోట విద్యార్థి దానిని ప్రశ్నించగలడా? ప్రశ్నించలేని పాఠానికి విశ్వవిద్యాలయం ఎందుకు?

ఇటువంటి కోర్సుల వల్ల ప్రధాన సబ్జెక్టుకు సమయం తగ్గుతుందన్న అధ్యాపకుల ఆందోళన సహేతుకమైనదే. పని గంటలు చాలని వారికి ఈ పాఠాలను సర్దుబాటుగా అప్పగిస్తే, చెప్పేవారికీ వినేవారికీ అవి మొక్కుబడే అవుతాయి. అయితే దీనికి విరుగుడు రద్దు కాదు. కోర్సుల సంఖ్యను తగ్గించి, ఉన్నవాటికి తగిన బరువునివ్వడం.

ఉదాహరణకు, జనగణననే ఒక పూర్తి కోర్సుగా తీసుకోవచ్చు. లెక్కింపులో దొర్లే పొరపాట్లను గణాంకశాస్త్ర అధ్యాపకుడు వివరిస్తాడు. వలస పాలకులు ప్రజలను వర్గీకరించిన తీరును, కులాల సమగ్ర గణన 1931 తర్వాత ఆగిపోయిన నేపథ్యాన్ని చరిత్రకారిణి చెబుతుంది. రాష్ట్రాల లోక్‌సభ స్థానాల సంఖ్య నేటికీ 1971 లెక్కలపైనే ఎందుకు నిలిచిందో, నియోజకవర్గాల పునర్విభజన అనగానే దక్షిణాది ఎందుకు ఉలిక్కిపడుతుందో రాజనీతిశాస్త్రం విప్పి చెబుతుంది. ఈ తరగతిలో గణిత విద్యార్థికీ, సాహిత్య విద్యార్థికీ తెలియనిది ఎంతో ఉంటుంది. ఇద్దరూ చేయవలసిన పనీ ఉంటుంది.

అటువంటి కోర్సును ముగ్గురు అధ్యాపకులు కలిసి కూర్చుని రూపొందించాలి. అందుకు వారికి వ్యవధి, ఉద్యోగ భద్రత, పాఠ్యాంశాన్ని ఏటా సవరించుకునే స్వేచ్ఛ ఉండాలి. పైనుంచి వచ్చే సర్క్యులర్ క్రెడిట్లను నిర్ణయించగలదు గానీ, వీటిలో ఏ ఒక్కదాన్నీ సమకూర్చలేదు. రేపు ఓటరుగా, అధికారిగా, శాసనసభ్యునిగా అంకెలను, వాదనలను తూచవలసిన పట్టభద్రునికి ఈ శిక్షణ నిరాకరిస్తే, నష్టపోయేది విశ్వవిద్యాలయం ఒక్కటే కాదు.