పాత నాటకమా, కొత్త నాటకమా?

నాటకం వ్రాయబూనిన ఉపాధ్యాయులను, విద్యార్థులను తరచుగా వేధించే ప్రశ్న ఒకటి కలదు. పెట్టెలో ఎన్నడో వ్రాసిన పాత నాటకం ఉన్నది. బల్లమీద సగంలో ఆగిన కొత్తది ఉన్నది. వార్షికోత్సవానికి నెలరోజులే గడువు. దేనికి పూనుకోవాలి? "పాతదాన్ని తిరగవ్రాయడం చర్వితచర్వణం, కొత్తదే ముగించు" అని పెద్దలు సలహా చెప్పడం కద్దు. ఈ సలహాను నేను అంగీకరించలేను.

మన భాషలో ఇందుకు గొప్ప నిదర్శనం కన్యాశుల్కం. 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన ఆ నాటకానికి అయిదంకాలు. విశాఖపట్టణం మండలంలో మూడేండ్లలో జరిగిన శుల్క వివాహాలను ఆనందగజపతి మహారాజు లెక్క వ్రాయించగా 1,034 తేలినవని గురజాడ అప్పారావుగారే పీఠికలో చెప్పారు. నాటకం ఆ దురాచారంమీద ఎక్కుపెట్టిన బాణం. జనం మెచ్చారు, పని నెరవేరింది. మరొకరైతే అంతటితో తృప్తిపడి వేరొక నాటకానికి పోయేవారు. ఆయన పోలేదు. 1909లో వెలువడిన ప్రతికి ఏడంకాలు. పెరిగింది అంకాల సంఖ్య మాత్రమే కాదు. తొలి ప్రతిలో చిన్న పాత్రగా ఉన్న మధురవాణి, మలి ప్రతిలో మగవేషం ధరించి సౌజన్యారావు పంతులు ఇంటికి వచ్చి, ఆయన నీతికే పరీక్ష పెడుతుంది. దురాచారం కోసం పుట్టిన నాటకం మనుష్యుల కోసం మళ్ళీ పుట్టింది. ఇది మాటలకు మెరుగుపెట్టడం కాదు.

ఈ భేదాన్ని మా నంద్యాల ప్రాంతపు పిల్లలకు చెప్పవలసి వస్తే బెలుం గుహలను ఉదాహరిస్తాను. రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని 1884లోనే గుర్తించాడు. ఆ తరువాత సుమారు నూరేండ్లకు, 1982, 83లలో, గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం ఆ బిలంలోకే దిగి లోతట్టు దారులు పరిశోధించింది. వాటి పొడవు ఇప్పుడు 3,229 మీటర్లని లెక్క. గుహ పాతదే, చేరిన చోటు కొత్తది. బిలద్వారానికి సున్నం కొట్టి ఊరుకుంటే పాతాళగంగ కనబడేదా?

కావున పాత ప్రతిని తెరచి చూచినప్పుడు, భాష కొంచెం మోటుగా ఉన్నదని మాత్రమే తోస్తే, దాన్ని మూసి కొత్తదానికే పూనుకోండి. అట్లాగాక, ఇరువదేండ్లనాడు మనం రెండు మాటలతో సాగనంపిన ఒక విధవరాలో, ఒక జవానో "నా సంగతి ఇంతేనా?" అని నిలదీసినట్లు తోస్తే, కొత్తది ఆగవలసిందే. వార్షికోత్సవం సంగతి అంటారా, ఆ నాటికి ఏదో ఒక ఏకాంకిక దొరకకపోదు!

ఈ నిర్ణయానికి మూల్యం లేదనను. అప్పారావుగారు పూనుకొన్న కొండుభట్టీయం, బిల్హణీయం రెండూ అసంపూర్ణంగానే మిగిలాయి. వ్యావహారిక భాషావాదం, అనారోగ్యం చివరి సంవత్సరాలను హరించినవి. 1915లో, యాభైమూడేండ్లకే, ఆయన గతించారు. కన్యాశుల్కానికి వెచ్చించిన కాలంలో కొంత కొండుభట్టీయానికి దక్కి ఉంటే మనకు మరొక మహానాటకం ఉండేదేమో. అయినా ఆ రెండింటిలో ఏది కావాలని నన్నడిగితే, 1909 నాటి మధురవాణినే కోరుకుంటాను.

తొలి ప్రతిని బంగోరె 1969లో పునర్ముద్రించారు. రెండు ప్రతులలోను మధురవాణి వచ్చే రంగాలను ప్రక్కప్రక్కన పెట్టి తరగతిలో చదివించమని ఉపాధ్యాయ మిత్రులకు మనవి. ఆ పిమ్మట కొండుభట్టీయాన్ని కూడా, అది ఆగిపోయిన చోటుదాకా చదివించండి.