పొత్తిళ్ళ దగ్గరికే స్కానింగ్... నేర్చిన చెయ్యి ఏదీ?

స్కానింగ్ అనగానే మన ఆడవాళ్ళకి గుర్తొచ్చేది కడుపుతో ఉన్న రోజులే. "అయిదో నెల స్కానింగ్ అయిందా?" అని అడగని పొరుగింటావిడ ఉండదు. ఆ మాట వెనకే ఓ చేదు నిజం కూడా ఉంది. కడుపులోది ఆడపిల్ల అని తెలుసుకుని వదిలించుకున్న పాపంలో ఈ యంత్రానికీ భాగం ఉంది. 1991 జనాభా లెక్కల్లో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 945 మంది ఉంటే, 2001 నాటికి 927కి తగ్గిపోయారు!

అదే యంత్రం ఇప్పుడు పుట్టిన బిడ్డ మంచం పక్కకి వస్తోంది. ఈసారి ప్రాణం నిలబెట్టడానికి.

2020లో మన దేశంలో దాదాపు 30 లక్షల మంది పిల్లలు 37 వారాలు నిండకుండానే పుట్టారని అంచనా. అరచేతిలో ఇమిడిపోయే ఆ పసికందుల్ని అద్దాల గదిలో, గొట్టాల మధ్య చూస్తూ బయట నిలబడ్డ తల్లి బాధ చెప్పనలవి కాదు. వాళ్ళని స్కానింగ్ గదికి మోసుకెళ్ళడమే ఓ గండం. ఒంట్లో వేడి తగ్గిపోవచ్చు, ఊపిరి గొట్టం కదిలిపోవచ్చు. అందుకే యంత్రమే బిడ్డ దగ్గరికి రావాలి.

వస్తే ఏం చేస్తుంది? మనం నూనె అద్దే నడినెత్తి మాడు ఉంది చూశారూ, ఎముక ఇంకా మూసుకోని ఆ మెత్తటి చోటే డాక్టరుకి కిటికీ. అక్కడ యంత్రం ఆనించి మెదడులో రక్తం చిమ్మిందేమో చూస్తారు. బాగా నెలలు తక్కువ పిల్లల్లో ఈ ప్రమాదం ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే వస్తుంది. పుట్టాక మూసుకుపోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం మూసుకుందా లేదా, బొడ్డు గుండా వేసిన సన్నటి గొట్టం సరైన చోట ఉందా, ఊపిరితిత్తుల్లో గాలి సరిగా ఆడుతోందా అన్నవీ తెలుస్తాయి. ఎక్స్‌రేలా రేడియేషన్ లేదు కనుక అవసరమైతే మళ్ళీ మళ్ళీ చూడొచ్చు.

ఇంత బావున్నప్పుడు ఓ యంత్రం కొనేస్తే పోలేదా? పోదు! వీణ కొన్నంత మాత్రాన సంగీతం వచ్చేస్తుందా? గాలి నిండిన ఊపిరితిత్తులు తెరమీద నేరుగా బొమ్మ కట్టవు. కనిపించే గీతల్ని బట్టే జబ్బుని పోల్చుకోవాలి. నేర్వని కన్ను లేని జబ్బుని ఉందనుకుంటే అక్కర్లేని మందు పడుతుంది. ఉన్నదాన్ని లేదనుకుంటే... ఆ నష్టం ఎవరు పూడ్చగలరు? 2020లో యూరప్ పసిపిల్లల వైద్యులు, 2022లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం దీనిమీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించారు. శిక్షణ ఉండాలి, అనుభవజ్ఞుల పర్యవేక్షణ ఉండాలి, తీసిన బొమ్మల్ని భద్రపరిచి మళ్ళీ సరిచూసుకోవాలి. ఇదంతా స్కానింగ్ నిపుణులకి పోటీ కాదు. ఆ నిపుణుడు రాలేని అర్ధరాత్రి వేళ బిడ్డ పక్కనున్న డాక్టరుకి ఆసరా.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. లింగనిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చింది, 1996 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం వల్ల ప్రతి యంత్రానికీ లెక్క ఉండాలి, నమోదు ఉండాలి. చక్రాల మీద తిరిగే చిన్న యంత్రమైతే మరీ కట్టుదిట్టం. పుట్టిన బిడ్డకి లింగం తెలుసుకునేదేముంది, ఈ కాగితాలెందుకని విసుక్కునే డాక్టర్లున్నారు. వాళ్ళ ఇబ్బంది నిజమే. అలాగని చట్టాన్ని సడలించమంటే మాత్రం ఆడవాళ్ళుగా మనం ఒప్పుకోకూడదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? నవజాత శిశువుల వార్డుకి నమోదు త్వరగా ఇవ్వండి, ఆ యంత్రం ఆ గది దాటకుండా కాపలా పెట్టండి. రెండూ చెయ్యొచ్చు, చెయ్యాలి.

గర్భిణులకి స్కానింగ్ చేసే డాక్టర్లకి ఆరు నెలల శిక్షణ గురించి 2014లో నిబంధనలు రాసిన ప్రభుత్వం, పుట్టిన బిడ్డని చూసే డాక్టరు చేతికీ అంత శ్రద్ధగా చదువు చెప్పించాలి. అదీ పెద్ద నగరాల కార్పొరేట్ ఆస్పత్రుల్లోనే కాదు. జిల్లా ఆస్పత్రుల్లో నవజాత శిశువులకి ప్రత్యేక వార్డులున్నాయి. పేదింటి తల్లి బిడ్డని తెచ్చేది అక్కడికే. శిక్షణ ముందు అక్కడికి చేరాలి.

మన వంతు కూడా కొంత ఉంది. మన ఇంట్లోనో, చుట్టాలింట్లోనో నెలలు నిండని బిడ్డ పుడితే, "బిడ్డకి మెదడు స్కానింగ్ ఎప్పుడు చేస్తారు? చేసేవాళ్ళు నేర్చుకున్నవాళ్ళేనా? ఏం కనిపించిందో మాకూ చెప్తారా?" అని మర్యాదగానే అడుగుదాం. చీర కొనేటప్పుడు అంచు, రంగు పదిసార్లు అడిగి చూసుకునేవాళ్ళం, కన్నబిడ్డ విషయంలో మూడు ప్రశ్నలు అడగడానికి మొహమాటం దేనికి చెప్పండి?