ఎండ మనది, యంత్రమెవరిది?

రథసప్తమినాడు తలపై జిల్లేడాకులుంచుకొని సూర్యునకు మ్రొక్కి స్నానమాడు జాతి మనది. తక్కిన చలిదినములందు మనకు వలయు వేన్నీళ్లు మాత్రము కట్టెలపొయ్యిమీది కాగులోనో, కరెంటు కడ్డీ ముంచిన బకెట్టులోనో కాగవలసినదే. డాబామీద యెండ వ్యర్థముగా పడుచుండ పెరటిలో పొగ! ఆ పొగలో కన్నులెఱ్ఱజేసికొనునది గృహిణి. నీళ్లింకను కాగలేదాయని కేకలు వేయునది మనము.

లెక్కచూతము. 100 లీటర్ల నీటికి 20 డిగ్రీల వేడి యెక్కింప సుమారు 2.3 యూనిట్ల శక్తి వలయును. ఆంధ్ర తెలంగాణములందు చదరపు మీటరు నేలపై దినమునకు సగటున 5 యూనిట్ల సౌరశక్తి పడుచున్నది. అందు సగము జాఱిపోయినను, ఎండగాయు దినమున ఆ నీటికి చదరపు మీటరు పలక చాలును. ఇది నిన్న మొన్న కనిపెట్టిన రహస్యము కాదు. 1767లోనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సొస్యూరు అద్దపుమూతల పెట్టెలో ఎండను బంధించి వేడి పుట్టించెను. 1891లో అమెరికాలో క్లారెన్సు కెంపు ఎండనీళ్ల తొట్టికి పేటెంటు పొందెను. ఎండ అధికముగా గలవారము మనము; పేటెంటు వారిది!

ఇప్పుడు ఈ పనిని ఇంటిలోనే చేసికొనవచ్చును. నల్లరంగు పూసిన రాగిగొట్టములను అద్దము క్రింద అమర్చి, తొట్టిని వానికంటె ఎత్తున నుంచినచో వేడినీరు తనంతట తానే పైకెక్కును. అట్టిచోట మైక్రోకంట్రోలరును తగిలించుట వట్టి ఆడంబరము. పైకప్పు తొట్టిబరువు నోపనిచోట తొట్టి నేలపై నుండవలెను. అప్పుడు నీటిని త్రిప్పుటకు చిన్న సౌరఫలకముతో నడచు పంపొకటి కావలెను. అది ఎప్పుడు తిరుగవలెను? ఎల్లప్పుడు తిరిగినచో మబ్బు పట్టినంతనే కాగిన నీటిని మరల చల్లార్చును. కావున పలకయొద్ద నొకటి, తొట్టియందొకటి ఉష్ణమాపకముల నుంచి, పలక తొట్టికంటె 8 డిగ్రీలు వేడెక్కినప్పుడు పంపు తిరుగునట్లును, భేదము 3 డిగ్రీలకు దిగినప్పుడు ఆగునట్లును మైక్రోకంట్రోలరునకు నేర్పవలెను. రెంటికి ఒకే అంకె పెట్టినచో పంపు క్షణక్షణము ఆగుచు తిరుగుచు చెడిపోవును. ఇంతియే దానిలోని బ్రహ్మవిద్య! అయితే యొక హెచ్చరిక. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణములలోనే చర్మమును కాల్చును. జల్లుగొట్టము ముందు వేడినీటిని చన్నీటితో కలుపు మరకవాటము తప్పక యుండవలెను. ప్రోగ్రాములోని తప్పునకు పసిబిడ్డ యొడలు బలి కారాదు.

ఇక స్వదేశి మాట. పిల్లలెల్లరు వాడుచున్న ఆర్డువీనో పలక 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థులకొఱకు పుట్టినది. దాని పటములను నిర్మాతలు లోకమునకు దాచక వెల్లడించిరి. 2010లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున ఆరంభమైన రిస్క్-ఫైవ్ అను ప్రాసెసరు భాషయు అట్లే అందఱిది. ఆ పునాదిపైననే మద్రాసు ఐ.ఐ.టి. వారు శక్తిని, సి-డాక్ వారు వేగను నిర్మించిరి. వేగ వర్గములోని తేజస్32 ఏరీస్ పలకలపై నెక్కినది. పరులు తెఱచిన విద్యను గ్రహించుట బానిసత్వము కాదు. పెట్టె మూయబడినది గదాయని దాని లోపల నేమున్నదో ఎన్నడును అడుగకుండుటయే బానిసత్వము. కోపల్లె హనుమంతరావుగారు 1910లో మచిలీపట్టణమున నెలకొల్పిన ఆంధ్రజాతీయ కళాశాలలో చేతిపని చదువునకు తోకగాక చదువులో భాగమైనది. నేడు మన బడులలో పిల్లవాడు ఒక చిన్న దీపమును మినుకుమినుకుమనిపించి బహుమానము పుచ్చుకొనును. సామగ్రి మరల బీరువా చేరును.

బజారులో హీటర్లు దొరకుచుండ ఈ శ్రమ యెందుకని కొందఱనుచున్నారు. దొరకుచున్నవి, కొనువారిని మేము తప్పుపట్టము. కుమారుని ప్రయోగము ముగియువఱకు ఇంటిల్లిపాది చన్నీళ్లు పోసికొనవలసిన పనిలేదు. కాని కొన్నది చెడినప్పుడు మూత విప్పగలవాడు వీధికొక్కడైన నుండవలదా? ఒకమాఱు తన చేతితో కట్టినవాడు అట్టివాడగును. ప్రతి పట్టణ గ్రంథాలయమును పత్రికల బల్ల ప్రక్కనే మఱియొక బల్ల వేసి, సోల్డరింగు కడ్డీని, కొన్ని గొట్టములను, ఒక పలకను అందుంచి, సాయంకాలము బాలురను బాలికలను పిలువవలెను. వారు చేయు మొదటి తొట్టి గ్రంథాలయపు డాబాపైననే యుండనిండు. అది కారినను ఫరవాలేదు. పని ఆశ్వయుజమున ఆరంభించినచో చలికి ముందే ముగియును. ముసురుపట్టిన దినములకు మాత్రము పాత కాగును అమ్మివేయక అటకమీద నుంచుకొనుడు.