ఆ నట్టు మనకూ ఊడుతుంది

కారు నడిపే ఆడవాళ్ళు ఇప్పుడు చిన్న ఊళ్ళల్లోనూ కనిపిస్తున్నారు. సంతోషమే. కానీ మనలో ఎంతమందిమి స్టెప్నీ మార్చగలం? "ఆ నట్లు మన చేతికి ఊడవులే" అనేస్తాం. ఇంట్లోవాళ్ళూ అంతే. అమ్మాయికి డ్రైవింగ్ నేర్పిస్తారు, పానా మాత్రం చేతికివ్వరు.

విశాఖలో ఉన్నంతసేపూ ఈ మాట చెల్లుతుంది. పిలిస్తే పంక్చరు షాపు అబ్బాయి వస్తాడు. అదే పిల్లల్ని తీసుకుని అరకు బయల్దేరి, శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఘాట్ ఎక్కాక టైరులో గాలి పోతే? కొన్ని మలుపుల్లో ఫోనుకి సిగ్నలే దొరకదు. చీకటి పడుతుంటే ఎవరైనా ఆగితే బాగుండునని ఎదురుచూడాలి, ఆగినవాడు ఎలాంటివాడోనని భయపడాలి.

అసలు నట్టు ఎందుకు మొరాయిస్తుంది? చాలా షాపుల్లో గాలి గన్నుతో బిగించేస్తారు. పైగా వానలకి తుప్పు. పొట్టి పానాతో మగవాళ్ళూ తంటాలు పడాల్సిందే. ఇది బలం లెక్క కాదు, పొడవు లెక్క. చిన్న కారు నట్టు బిగింపు సుమారు 100 న్యూటన్ మీటర్లు. అడుగు పొడవు పానా మీద అది 34 కిలోల బరువు వేసినట్టు. పానాకి ఇనప గొట్టం తొడిగి 3 అడుగులు చేస్తే 11 కిలోలు చాలు. నీళ్ళ బిందె ఎత్తే చేతులకి అదొక లెక్కా?

అందుకే ఈ పరీక్ష ఘాట్‌లో కాదు, ఇంటి ముందే పెట్టుకోవాలి. చదునైన చోట కారు నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టండి. జాకీ ఎత్తకముందే, టైరు నేలమీద ఉండగానే నట్లు వదులు చెయ్యాలి. పానా పూర్తిగా కూర్చోబెట్టి, గడియారం ముల్లుకి ఎదురు దిశలో, గొట్టం చివర పట్టుకుని కిందికి నొక్కండి. తుప్పు పట్టిందా? తుప్పు వదిలించే నూనె రాసి రాత్రంతా వదిలెయ్యండి, బిగించేముందు శుభ్రంగా తుడిచెయ్యండి. మళ్ళీ బిగించేటప్పుడు మాత్రం గొట్టం వద్దు. వట్టి పానాతో, ఎదురెదురు నట్లు వరసగా బిగిస్తే చాలు.

ఇదేదో ఈ కాలపు వింత అనుకోకండి. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్, భర్త తయారుచేసిన కారులో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జైమ్‌కి వెళ్ళింది. దూరం 100 కిలోమీటర్ల పైనే, ఇంచుమించు విశాఖ నుంచి అరకుకి వెళ్ళినంత. దారిలో ఇంధనం గొట్టానికి ఏదో అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసేసింది. చేతిలో ఉన్నదే పనిముట్టు చేసుకుంది!

ఈసారి అరకు ప్రయాణానికి పులిహోర కలిపే ముందురోజు, మీ అమ్మాయిని కూడా పిలిచి నాలుగు చక్రాల నట్లూ ఒకసారి వదులు చేసి బిగించండి. ఆ గొట్టం ముక్కని డిక్కీలో వేసుకోవడం మరిచిపోకండి.