ఎన్ని దినాలు అవుతుంది?

ఉగాదికి ఊరికి రాలేదని పెద్దమ్మకు ఇంకా కోపమే. "నీ పని ఎప్పుడు ముగుస్తుందో నీకే తెలీదా?" అని ఫోన్‌లో అడిగింది. ఆ మాటకు జవాబు ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు అవ్వ నేర్పినవి. తప్పులుంటే దిద్దండి.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రసీదు ప్రింటు చేసే పని ఒకటి వచ్చింది. కోడు రాసే అతను రెండు దినాలన్నాడు, రెండు దినాల్లో ముగించాడు కూడా. నేను నా పేరు కన్నడలో కొట్టి చూశాను. తెరమీద సరిగ్గానే ఉంది, పీడీఎఫ్‌లో మాత్రం ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. ఫాంటు మార్చినా కాలేదు. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీకే మన లిపుల ఒత్తులు కలపడం రాదని తేలింది. దాన్ని మార్చితే మిగతా రసీదులన్నీ మళ్ళీ పరీక్షించాలి. మూడు వారాలు పట్టింది. ఉగాది అందులోనే పోయింది.

మన కోలారులో బోరు వేసేవాణ్ణి మొత్తం ఎంత అవుతుందని అడిగితే అడుగుకు ఇంత అంటాడు. నీళ్ళు ఎన్ని అడుగులకు పడతాయో చెప్పడు. అందుకని అతన్ని సోమరి అని ఎవరూ అనరు. మమ్మల్ని మాత్రం మొదటి దినమే తారీకు అడుగుతారు. పొద్దున చెప్పిన అంచనా సాయంత్రానికి వాగ్దానం అయిపోతుంది.

ఆలస్యమైతే ఇంకో నలుగుర్ని పెడతామంటారు. ఐబీఎంలో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, అలా చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని. కొత్తవాళ్ళకు నేర్పాల్సింది పాతవాళ్ళే కదా! కోడు రాయడానికి కాలంలో ఆరో వంతు, పరీక్షకు సగం పెట్టమన్నాడు ఆయన. మా దగ్గర తలకిందులు. రాయగా మిగిలిందే పరీక్షకు.

కొనేవాళ్ళకు తారీకు కావాలి, నిజమే. అయితే మొదట "రెండు నుంచి ఐదు వారాలు" అని చెప్పి, కొంత పని అయినాక మళ్ళీ లెక్క వేయాలి. లెక్క వేసేటప్పుడు టెస్టర్ని కూడా కూర్చోబెట్టాలి. తారీకు కదలదంటే చేసే పని తగ్గించాలి, పరీక్ష తగ్గించకూడదు.

పెద్దమ్మా, ఈసారి ముందే మాట ఇవ్వను. బస్సు ఎక్కినాక ఫోన్ చేస్తాను.