ఇంటిలో రక్తశర్కర పరీక్ష

ఒక సోదరి మాకిట్లు వ్రాసినది. ఆమెకు మధుమేహము కలదని వైద్యులు నిశ్చయించి ఆరు నెలలైనది. ఇది రెండవ రకపు మధుమేహము, అనగా నడివయస్సున సామాన్యముగా వచ్చునది. కుమారుడు గ్లూకోమీటరు కొని యిచ్చెను. నాటినుండి ప్రతిదినమును తెల్లవారగానే, కాఫీయైన ముట్టక, వ్రేలు గుచ్చి చూచుకొనుచున్నది. ఒకనాడు 115, ఒకనాడు 120, మరియొకనాడు 112. వ్యాధి లొంగినదని సంతసించినది. ఇటీవల హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించగా 7.8 వచ్చినది. యంత్రము చెడినదా, పరీక్షించినవారు పొరబడిరా యని ఆమె యడుగుచున్నది.

రెండును కాకపోవచ్చును. ఆమె ప్రతిదినమును చూచినది రాత్రియంతయు ఆహారము లేక యున్నప్పటి రక్తమును మాత్రమే. పగలు భోజనమైన పిదప చక్కెర యెంతవరకు పెరుగుచున్నదో ఒక్కనాడైనను చూడలేదు. హెచ్‌బిఎ1సి యన్ననో సుమారు మూడు నెలల సగటును తెలుపును. 7.8 అనగా రేయింబవళ్లు కలిపి సగటున 177 మిల్లీగ్రాముల ప్రాంతమున నున్నదన్నమాట. (రక్తహీనత గల స్త్రీలకు, ఇనుము చాలనిచో, ఈ సంఖ్య ఉన్నదానికంటె హెచ్చుగా కనబడవచ్చును. మనలో రక్తహీనత లేనివారు తక్కువ గనుక ఈ సంగతి వైద్యునితో చెప్పుట మంచిది.)

కావున క్రొత్తగా వ్యాధి బయటపడినవారు జంటగా పరీక్షించుకొనవలెను. భోజనమునకు ముందొకసారి, మొదటి ముద్ద నోటబెట్టినది మొదలు రెండు గంటలకు మరియొకసారి. ఒకనాడు ఉదయపు ఫలాహారమునకు, మరునాడు మధ్యాహ్నభోజనమునకు, మూడవనాడు రాత్రికి చూచినచో రోజునకు రెండు స్ట్రిప్పులే ఖర్చగును. సాధారణముగా భోజనమునకు ముందు 80 మొదలు 130 వరకును, పిదప 180కి లోపలను ఉండవలెనందురు. వృద్ధులకును, గర్భవతులకును లెక్క వేరు. వారి వైద్యుడు చెప్పినదే ప్రమాణము. ఈ రెండు సంఖ్యలను, ఆ పూట ఏమి తిన్నది, ఎంత తిన్నది ఒక పుస్తకమున వ్రాసి వైద్యునికి చూపవలెను. అది చూచి మందు మార్చవలసినవాడు ఆయన. మనంతట మనము మాత్ర హెచ్చించుట, మానుట కూడదు.

ఈ పుస్తకము వంటయింటికి చేయు మేలు చాల గొప్పది. రాగిసంకటి యెంత తిన్నను చక్కెర పెరుగదని పొరుగువారు చెప్పుదురు. రాగులును పిండిపదార్థమే, పలుచని రాగిజావ త్రాగి రెండు గంటలకు చూచుకొన్నచో ఎవరికి వారికే తెలియును. ఇడ్లీలు తిన్ననాటి సంఖ్యను, పెసరట్టు తిన్ననాటి సంఖ్యను ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. అన్నము సగము చేసి, పప్పును కూరయు హెచ్చించి చూడుడు. భోజనానంతరము పదునైదు నిమిషములు మెల్లగా నడచి చూడుడు. అందరికిని ఒకే ఫలితము రాదు. ఇంకొక మాట. అందరికిని వడ్డించి చివర కూర్చుండు ఇల్లాలు, గిన్నెలో మిగిలిన అన్నము పారవేయ మనసొప్పక తన విస్తరిలోనే వేసికొనును. ఆ రెండు గరిటెలును పుస్తకమున వ్రాయవలసినవే.

పరీక్షకు ముందు చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకొనవలెను. మామిడిపండు కోసిన చేతితో గుచ్చుకొన్నచో పండులోని చక్కెరయే యంత్రమునకు కనబడును. వ్రేలి కొన నడుమ గాక ప్రక్కన గుచ్చినచో నొప్పి తక్కువ. సూది భార్యాభర్తల మధ్యనైనను మార్చుకొనరాదు; రక్తముద్వారా కామెర్ల వంటి రోగములు అంటుకొనును. స్ట్రిప్పుల డబ్బీని పొయ్యిదగ్గర నుంచక, తీసిన వెంటనే మూత బిగింపవలెను. గడువు తేదీ చూడవలెను.

యంత్రము చెప్పిన సంఖ్యను వేదవాక్యముగా గొనవలదు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి నూటికి తొంబదియైదు పరీక్షలు నూటికి పదునైదు పాళ్ల తేడాలోపల నుండిన చాలును. నిజముగా 150 ఉన్నను 128 అనియో 172 అనియో చూపవచ్చును. నిన్న 141, నేడు 149 అని కలతపడుట వ్యర్థము. ఇదివరకు మూత్రమును బెనెడిక్టు ద్రావకముతో కాచి, నీలము ఇటుకరంగుగా మారునా యని చూచెడివారు. రక్తమున చక్కెర సుమారు 180 దాటినగాని మూత్రమున కనబడదు గనుక అది ఆలస్యముగా చెప్పు సాక్షి. దానితో పోల్చిన ఈ యంత్రము మనకు గొప్ప వరమే.

ఇంటివారికొక విన్నపము. అత్తగారికి 240 వచ్చినపుడు "ఏమి తిన్నారు?" అని గద్దించినచో, మరునాటినుండి ఆమె వ్రేలు గుచ్చుకొనుట మానును, లేదా తక్కువ సంఖ్య వ్రాయును. జ్వరము, నిద్రలేమి, మనోవ్యథ వీనివలనను చక్కెర పెరుగును. దొంగను పట్టినట్లు అడుగుట కంటె, ఆమెతోపాటు మీరును ఆ సగము అన్నమే తినుట మేలు.

కార్తిక సోమవారములు, ఏకాదశులు ఉపవసించువారు మాత్రము ముందుగా వైద్యుని అడుగవలెను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి చక్కెర పడిపోవుట అరుదు. గ్లిమెపిరైడు, గ్లిబెంక్లమైడు వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని పుచ్చుకొని ఉపవసించినచో ప్రమాదము. చెమట, వణకు, గుండెదడ, కన్నులు తిరుగుట తోచినచో వెంటనే పరీక్షించి, 70కి తక్కువైన మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించి, పదునైదు నిమిషములకు మరల చూడవలెను. వ్రతభంగమని ఆ సమయమున సంకోచింపరాదు. తెలివితప్పినవారి నోట మాత్రము ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.