జామాయిలు బేరము

జామాయిలు చెట్టునకు పుట్టినిల్లు ఆస్ట్రేలియా. దానివలన కోట్లు గడించుచున్న దేశము బ్రెజిలు. దానిని నమ్ముకొని కాటా దగ్గర చేతులు కట్టుకొని నిలుచున్నవాడు మన మెట్టరైతు. ఈ యంతరమునకు కారణమేమో విచారింపక తోటలు వేయుచు పోవుట యవివేకమని మేము తలంచుచున్నాము.

బ్రెజిలులో జామాయిలు ఆరేడేండ్లకే కోతకు వచ్చును. మేలైన చెట్ల కొమ్మలనుండి మొక్కలు తీసి, తోటయంతయు నొకే తీరున పెంచు పద్ధతిని అచ్చటి అరాక్రూజ్ కంపెనీవారు వృద్ధిచేసిరి. అందులకు 1984లో వారి శాస్త్రజ్ఞులకు వాలెన్‌బర్గ్ బహుమానము లభించినది. ఆ కంపెనీ పిమ్మట ఫిబ్రియాలోను, ఫిబ్రియా 2019లో సుజానోలోను కలిసిపోయినవి. 2024లో సుజానోవారు రిబాస్ దో రియో పార్దోలో నడపనారంభించిన మిల్లొక్కటియే యేటికి 25 లక్షల టన్నులకు పైగా గుజ్జు తీయగలదు. తోటయు, మిల్లును, ఓడకెత్తు వసతియు ఒక్కచేతి క్రింద నుండుటయే వారి బలము. అయినను ధర వారి వశమునను లేదు. ప్రధాన క్రేతయగు చైనాలో 2022లో టన్ను 800 డాలర్లకు మించి పలికిన గుజ్జు, 2023 నడుమకు 500 డాలర్ల దరికి దిగజారినది. ఆ దెబ్బను అంతటి సంస్థ తట్టుకొనగలదు. అయిదెకరముల రైతు తట్టుకొనగలడా?

మన సంగతి చూతము. కాగితపు మిల్లులు అడవులపై నాధారపడక, రైతుల పొలములనుండి కర్ర తెచ్చుకొనవలెనని 1988 నాటి జాతీయ అటవీ విధానము నిర్దేశించినది. భద్రాచలము మేలిమొక్కలు పలు జిల్లాలకు వ్యాపించినవి. ప్రకాశము, ఖమ్మము, కృష్ణా ప్రాంతములలో వర్షాధారపు చేలు తోటలైనవి. మిల్లులకు కర్ర దొరకినది. అడవికి కొంత ఊరట కలిగినది. ఇది దేశమునకు మేలే. మేలు చేసిన రైతునకు దక్కిన దేమి?

బేరమున కీలక మిది. బెరడొలిచిన కర్రను తూకమునకు అమ్ముదురు. గొడ్డలి పడిన దినమునుండి కర్ర ఆరుచుండును. ఆరినకొలది తూకము తగ్గును. లారీ మిల్లు గేటు వద్ద రెండు దినములు నిలిచినచో నష్టము రైతుది. కూలియు, కిరాయియు అప్పటికే యిచ్చియుండును. వెనుకకు కొనిపోవ వలనుపడదు. కనుక నరికినవాడు చెప్పిన ధరకు తలయూపవలసినదే. నిలిచియున్న చెట్టు మాత్రము చెడదు. ఏడాది యాగిన మరింత లావగును. రైతు బలమంతయు గొడ్డలి పడకముందే యున్నది.

మిల్లు యజమానులకును మొర గలదు. 2010లో అమలునకు వచ్చిన ఒడంబడికవలన ఆగ్నేయాసియా కాగితము సుంకము లేకయే దిగుచున్నదనియు, కర్రకు హెచ్చు ధర యియ్యజాలమనియు వారందురు. ఈ మాట తోసివేయదగినది కాదు. అయితే విదేశపు పోటీ భారమును తాము కొంతయైనను మోయక, అంతయు రైతు నెత్తిన దించుట న్యాయము కాదు.

నీటి మాటయు మరువరాదు. భూగర్భజలమునకు హాని యని 2017లో కర్ణాటక ప్రభుత్వము క్రొత్త జామాయిలు తోటలను నిషేధించినది. బావుల చెంతను, చెరువుల ఎగువను ఈ చెట్టు నాటకుండుటయే మేలు.

కర్తవ్య మేమి? కోతకు ముందే ధరయు, తూకపు దినమును కాగితముపై నుండవలెను. గ్రామ గ్రామమున రైతులు సహకార సంఘములుగ నేర్పడి, సొంత కాటా పెట్టుకొని, వంతులవారీగ నరకవలెను. నిలిచిన చెట్టుపై అప్పు దొరకినచో, అక్కరకు తాళలేక నరుకు దుర్గతి తప్పును. ఈ యేర్పాటు బ్యాంకులు చేయవలెను. మిల్లు గేటు ధరను ప్రభుత్వము నెలనెలకు ప్రకటింపవలెను.

ఇందు పెద్ద కమతములవారు ముందు నడువవలెను. తనకు మాత్రము మంచి ధర రాబట్టుకొని ఊరకుండు భూస్వామి, పొరుగువాని కర్ర చౌకగా పోవుచుండగా తన ధర యెంతకాలము నిలుచునో యోచించుకొనుగాక. మిల్లువారు ఒక్కటిగా కొనుచున్నారు. మనము విడివిడిగా అమ్ముచున్నాము. ఈ లోపమును దిద్దుకొనుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు.